వణకని చెయ్యి

ఆగండి! చేతిలో పని ఏదున్నా పక్కన పెట్టి ఒక్క నిమిషం చెవి ఇటు పెట్టండి. వినిపిస్తోందా? టక్ టక్ టక్ టక్... గడియారం చప్పుడు కాదది, అంత తొందర ఏ గడియారానికీ ఉండదు. అది మనిషి గుండె. పరుగెత్తి వచ్చిన మనిషి గుండె కాదు, దెబ్బలు తింటున్న మనిషిది అసలే కాదు. గోడకు చేరగిలబడి, నోరు తెరుచుకుని, ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్న మనిషిది!

డిటెక్టివ్ బాలస్వామి ఆ మనిషి మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, రెండో చేతిలోని జేబుగడియారాన్ని రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ముల్లు ఒక చుట్టు తిరిగింది. నూట ముప్పైరెండు. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాడు. నూట ముప్పై.

టైము పన్నెండూ యాభై. 1949 జనవరి, శుక్రవారం. హుజూర్‌నగర్ తాలూకా ఎర్రగట్టు. దొర పారిపోయాక పోలీసు క్యాంపుగా మారిన గడీలో, ఒకప్పుడు వడ్లు పోసిన గది. తలుపు బయట తుపాకీ పట్టుకుని జవాను.

నిద్రపోతున్నవాడు మైసయ్య, ఊరి సుంకరి. అంటే ఊరికి కావలి కాసేవాడు. క్యాంపు దిగినప్పటినుంచి ఆఫీసు గది వాకిలి దగ్గర కూర్చోవడం అతని పని. నిన్న గురువారం మధ్యాహ్నం పన్నెండుకు గుమాస్తా అన్నానికి పోయి, పన్నెండూ నలభైకి తిరిగివచ్చాడు. ఆ నలభై నిమిషాల్లో బల్ల సొరుగులోంచి ఒక కాగితం మాయమైంది. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు అన్నం పెట్టినవాళ్లు, దారి చూపినవాళ్లు, దాచినవాళ్లు, మొత్తం నలభైమూడు మంది పేర్ల పట్టీ. దాన్ని తన చేత్తో రాసిచ్చిన ముసలి పట్వారికి పోయిన వారమే పక్షవాతం వచ్చి మాట, చెయ్యి రెండూ పడిపోయాయి. నకలు లేదు. లారీ వచ్చే రోజే విప్పుదామని సొరుగులో పెట్టిన ఆ పట్టీలో, లెక్క తప్ప పేర్లు క్యాంపులో ఎవరూ చదవలేదు.

ఇవ్వాళ మూడు గంటలకు లారీ వస్తుంది. ఆ నలభైమూడు మందిని ఎక్కించుకుపోవడానికి రావలసిన లారీ. పట్టీ లేదు కాబట్టి ఇప్పుడు ఎక్కడానికి ఒక్కడే ఉన్నాడు. మైసయ్య. ఇంతకుముందు ఆ లారీ ఎక్కినవాళ్లలో మళ్లీ ఊరి మొహం చూసినవాడు లేడు.

పట్టీని పట్టుకొమ్మని పైఅధికారి పంపిన ప్రైవేటు డిటెక్టివ్ బాలస్వామి. పాలమూరు బిడ్డ. ఒక మిషన్ దవాఖాన లాబరేటరీలో ఏడేళ్లు పనిచేసి, డాక్టర్ల పుస్తకాలన్నీ చదివేసి, తర్వాత ఈ వృత్తిలోకి దూకినవాడు. మనిషి నోరు అబద్ధం చెబుతుంది గాని ఒళ్లు చెప్పదని అతని గట్టి నమ్మకం.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఏంది కంపౌండర్ సాబ్! దొంగకు జోలపాట పాడుతున్నవా?"

ఇన్‌స్పెక్టర్ అమరేందర్. ఈ క్యాంపుకు వచ్చి మూడు రోజులే అయింది. నున్నగా దువ్విన మీసం, చంకలో లాఠీ. తన క్యాంపులోకి బయటివాణ్ణి పంపారన్న మంట మొహం మీదే కనిపిస్తోంది.

"జర మెల్లగ, ఇన్‌స్పెక్టర్ సాబ్. నా సాక్షి పండుకున్నడు."

"సాక్షా? గీడు ముల్జిమ్, నేరం జేసినోడు! నిన్న తొమ్మిది మందిని నిలవెట్టి, అరచేతుల అంచుదాక నీళ్లు నింపిన చెంబు పెట్టిన. ఇరవై లెక్కపెట్టిన. ఎనిమిది మందికి చుక్క ఒలకలే. గీనికి మూడు అనేసరికి సగం చెంబు నేల మీద. చెమటలు, ఒణుకుడు, గుండె దడ. తప్పు చేసినోని ఒళ్లు గట్లనే ఉంటది. పదిహేనేండ్ల నౌకరీల నా చెంబు ఒక్కసారి గూడ తప్పలే."

"అందరికన్న మంచిగ ఎవరి చెయ్యి నిలిచింది?"

"వంటశాలల గొర్రెలు కోసెటోడు లేడా, గాలయ్య. రాయి లెక్క నిలవడ్డడు. మా జవాన్లు వాన్ని చూసి నేర్చుకోవాలె. అయినా గది నీకెందుకు?"

"ఊరికెనే అడిగిన. ఇన్‌స్పెక్టర్ సాబ్, ఒక్క మాట. భయపడ్డోడు నిద్రల గూడ భయపడుతడా?"

బాలస్వామి జేబుగడియారాన్ని ఇన్‌స్పెక్టర్ మొహం ముందు పెట్టాడు.

"గీ మనిషి గాఢంగ పండుకున్నడు. నాడి నూట ముప్పైరెండు కొడుతున్నది. భయమైతే నిద్రల దిగిపోతది. ఇది దిగలే."

ఈ మాటలకు మైసయ్య ఉలిక్కిపడి లేచాడు. కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు. రెప్పలు పైకి లాగి కట్టినట్టు, నల్లగుడ్డు పైన కూడా తెలుపు కనిపిస్తోంది. "బాంచెన్ దొరా, నేను తియ్యలే..."

"దొర అనకు మైసయ్యా. మా అమ్మ గూడ కూలికి పోయినామెనే. నా పేరు బాలస్వామి. ఏదీ, చెయ్యి ఇటియ్యి."

బాలస్వామి ఆ చెయ్యి పట్టుకున్నాడు. సన్నగా, ఎడతెగకుండా వణుకుతోంది. అరచెయ్యి తడిగా ఉంది. ఆ తడి... వెచ్చగా ఉంది!

బాలస్వామి కళ్లు మెరిశాయి. అరచెయ్యి వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పుష్యమాసం చలి, జవాన్లే కంబళ్లు కప్పుకుని తిరుగుతున్నారు. ఈ మనిషి భుజం మీద తుండుగుడ్డ కూడా లేదు.

"చలి వెడతలేదా?"

"లేదు సారూ. ఒళ్లంత ఉడుకుతది. దీపావళి దాటినంకటి నుంచి గిట్లనే."

"నిన్న పన్నెండు నుంచి పన్నెండూ నలభై దాక ఆఫీసు వాకిట్లనే ఉన్నవా?"

మైసయ్య తల దించుకున్నాడు. అమరేందర్ లాఠీతో గోడను తట్టాడు. "చెప్పురా!"

"ఆకలైంది సారూ."

"ఏంది?"

"ఆకలి సారూ! పొద్దుగాల నాలుగు జొన్నరొట్టెలు తిన్న. పదింటికి రెండు తిన్న. అయినా పేగులు అరిసినయ్. పన్నెండూ పదికి కొట్టం ఎనుకకు పోయి, మూటల రొట్టెలు తిని అచ్చిన. పన్నెండున్నర అయి ఉంటది. కావలి ఇడిసిన్నంటె నౌకరి పోతదని నిన్న చెప్పలే."

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "గింత తింటడట! ఎక్కడికి పోతున్నదిరా తిండి? ఎముకలు లెక్కపెట్టొచ్చు నీయి!"

బాలస్వామి నవ్వలేదు. మైసయ్య నడుముకున్న మొలతాడును చూస్తున్నాడు. పాత ముడి మాసి నల్లబడింది. దానికి రెండు వేళ్ల అవతల ఇంకో ముడి. ఆ పక్కన మూడోది, నిన్నో మొన్నో వేసింది, తాడు అక్కడింకా తెల్లగా ఉంది. రెండున్నర నెలల్లో రెండు కొత్త ముళ్లు! రెట్టింపు తిండి తింటున్న మనిషి నడుము సన్నబడుతోంది.

"తలకాయ పైకి లేపు. గుటక మింగు. ఇంకోసారి."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీకో సంగతి చెప్పాలి, లేకపోతే బాలస్వామి వేళ్లు ఆ గొంతు మీద ఏం వెతికాయో తెలియదు. మన గొంతులో, గాలిగొట్టాన్ని రెండు వైపులా కావలించుకుని ఒక చిన్న గ్రంథి ఉంటుంది. థైరాయిడ్. రెండు తులాల బరువు లేని ఆ ముక్క నిలువెత్తు మనిషిని నడిపిస్తుంది! రోజూ రక్తంలోకి కంటికి కనిపించనంత సరుకు వదులుతుంది. దాని పేరే హార్మోన్. ఆ సరుకు చిట్టీలాగా ఒళ్లంతా తిరిగి గుండెకు ఎంత వేగం, కడుపుకు ఎంత ఆకలి, చర్మానికి ఎంత వేడి అని హుకుం చెబుతుంది. చిట్టీలు తగ్గితే మనిషి మొద్దుబారి, ఒళ్లు ఉబ్బి, ఎండలో కూడా వణుకుతాడు. ఎక్కువైతే పొయ్యిలో కట్టెలు కుక్కినట్టు లోపల భగభగ, ఎంత తిన్నా బూడిదే.

అన్ని లక్షణాలూ ఉన్నాయి. కాని అంత జోరుగా పనిచేసే గ్రంథి మామూలుగా ఉబ్బి, గొంతు ముందు గడ్డలాగా తగలాలి. మైసయ్య గొంతు చదునుగా ఉంది. అసలు గ్రంథి ఉందో లేదో తెలియనంత చిన్నగా ముడుచుకుని ఉంది.

మరి హుకుంలు ఎక్కడినుంచి వస్తున్నాయి?

"బయటినుంచి," అని పైకే అనేశాడు బాలస్వామి.

"ఏం బయటినుంచి?"

"ఇన్‌స్పెక్టర్ సాబ్, నాకు మూడు దాక టైమియ్యుండ్రి."

"ఇచ్చినా ఇయ్యకున్నా లారీ మూడింటికే వస్తది. నాకు కాగితం కావాలె. కాగితం తెస్తే నీ మైసయ్యను ఇడుస్త. లేకుంటె ఒణికినోడే ఎక్కుతడు. లెక్క బరాబర్."

ఒంటిగంటా పదిహేనుకు బాలస్వామి మైసయ్య ఇంటి ముందు ఉన్నాడు. వాకిట్లో ఒక నల్లకుక్క పడుకుని ఉంది. చుట్టుపక్కల కుక్కలన్నీ ఎండ పొడలో ముడుచుకుని వెచ్చగా పడుకుంటే, ఇది నీడలో కాళ్లు చాపి, నాలుక బయటపెట్టి రొప్పుతోంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. బాలస్వామి కుక్క ముందు గొంతుక్కూర్చుని, ప్రేమగా దాని తల నిమిరాడు. ఇంత మంచి సాక్షి అతనికి ఎన్నడూ దొరకలేదు.

"గది కరవది సారూ," లోపలినుంచి మైసయ్య భార్య పుల్లమ్మ వచ్చింది. గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి. తెచ్చిన నీళ్లగిలాసు ఆమె చేతిలో గలగలా కొట్టుకుంటోంది. "నా పెనిమిటిని ఇడుస్తరా సారూ? ఆయిన చీమకు గూడ అపకారం చెయ్యడు."

"అక్కా, నీకు నిద్ర వడుతున్నదా?"

ఆమె బిత్తరపోయింది. "ఎట్ల తెలిసింది? నెలన్నర అయింది సారూ, కన్ను మూస్తె గుండెల గుర్రాలు ఉరుకుతయ్. ఎంటికెలు రాలుతున్నయ్. పోశవ్వకు మొక్కుకున్న."

"మీ ఇంట్ల ఏం వండుతవు? రోజూ, ఎడతెగకుండ?"

పుల్లమ్మ మొహంలో అంత దిగుల్లోనూ చిన్న గర్వం కనిపించింది. చూరు కింద కట్టిన తాడు చూపించింది. దాని మీద ఎండుతున్న మాంసం ముక్కలు. "బొండిగ సారూ. గొంతు ముక్క. మా ఇంటి హక్కు. ఊళ్లె ఏ యాట తెగినా, ఎవల పోగు ఎవలకున్నా, బొండిగ మాత్రం సుంకరోళ్లది. మా మామకు ముందటి కాలం నుంచి గదే రివాజు. ఎనుకట నెలకొక యాట తెగితె గొప్ప. దీపావళికి క్యాంపు అచ్చినంక రోజుకు ఆరు! జవాన్లు బొండిగ ముట్టరు. మా తమ్ముడు గాలయ్యనే గొర్రెలు కోస్తడు గద, ఆరు బొండిగలు మాకు పంపుతడు. పచ్చియి వండుత, మిగిలినయి ఎండవెడుత, పప్పుల గూడ ఏస్త. మా కడుపులు నిండినయనుకున్నం సారూ."

ఆరు గొర్రెలు. దీపావళి నుంచి డెబ్బైఐదు రోజులు. నాలుగువందల యాభై గొంతులు. ఇద్దరు మనుషులు, ఒక కుక్క. 

"గాలయ్య నీ తమ్ముడా? నిన్న పన్నెండింటికి ఇక్కడ తింటున్నడని పోలీసుల కాగితాలల్ల రాయించిండు."

"తింటడు సారూ."

"నిన్ననా, రోజూనా?"

"రోజూ... దీపావళి నుంచి ఒక్కపూట తప్పలే. మా చట్టిలనే, బొండిగ కూరనే." గబగబా అంది. అంటూ కుక్క వంక చూసింది, బాలస్వామి వంక చూడలేదు.

ఒంటిగంటా యాభై. గడీ వెనక గొర్రెలు కోసే జాగా. ఒక బండ, నీళ్ల తొట్టి, గోడ వారగా ఉప్పు పట్టించి మడతలేసిన తోళ్ల దొంతర. పాతికేళ్ల గాలయ్య సాయంత్రపు గొర్రెను కోస్తున్నాడు. కత్తి తోలుకూ మాంసానికీ మధ్య నీళ్లలో చేప పోయినట్టు పోతోంది. ఎక్కడా తొణుకు లేదు.

"తమ్మీ, గా బొండిగ ఇటియ్యి. కత్తి గూడ ఇయ్యి."

గాలయ్య మారుమాట్లాడకుండా ఇచ్చాడు. బాలస్వామి గొంతు ముక్కను బండ మీద వెల్లకిలా పెట్టి గాలిగొట్టం పక్కగా గాటు పెట్టాడు. ముదురు ఎరుపు రంగులో, నున్నగా, ఈతపండంత ముక్క. అటువైపు దాని జోడు. అతని మొహం గుళ్లో దీపం చూసినవాడి మొహంలా అయిపోయింది.

"మాంసం కోసుకుంటున్నవా, కేసు చూస్తున్నవా?" అమరేందర్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "గంటకు పైన అయింది. కాగితం ఏది?"

"ముందుగాల గిది చూడుండ్రి. నిన్న చెంబు ఒలకబోసింది మైసయ్య చెయ్యి కాదు. గిది."

"గొర్రె గొంతా?"

"గొర్రె గొంతుల గ్రంథి. మన గొంతులనూ గిసొంటిదే ఉంటది. గొర్రె హుకుమైనా మనిషి ఒళ్లు వింటది, ఎంత ఉడకవెట్టినా గా హుకుం చావదు. దవాఖానల గ్రంథి పనిచెయ్యనోళ్లకు గొర్రె గ్రంథి ఎండవెట్టి, పొడి జేసి గోలీలు ఇస్తరు, నా చేతులతోని తూకం ఏసిన! గురిగింజ ఎత్తు గూడ ఉండదు. గట్లాంటిది గీ ఇంట్ల చట్టెడు చట్టెడు తిన్నరు. మైసయ్యకు ఒణుకు, పుల్లమ్మకు ఒణుకు, ఆఖరికి ఎంగిలి తిన్న కుక్కకు గూడ రొప్పు. మీ లెక్కన కుక్క గూడ కాగితం తీసిందా?"

"కతలు చెప్పకు. భయానికి గూడ మనిషి ఒణుకుతడు, చెమట వోస్తది. ఏది ఏందో నీకెట్ల తెలుసు?"

బాలస్వామి ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాడు! చెయ్యి తొట్టిలో కడుక్కుని, తుడుచుకుని, ఎండలో కాసేపు పెట్టుకుని, చటుక్కున ఇన్‌స్పెక్టర్ అరచెయ్యి అందుకున్నాడు.

"గిట్ల తెలుసు. భయానికి వేరే హార్మోన్ ఉన్నది, ఎడ్రినలిన్. మూత్రపిండాల మీద టోపీ లెక్క కూసున్న గ్రంథి నుంచి వస్తది. రెప్పపాటుల వస్తది, గడియల పోతది. అది వచ్చినప్పుడు రక్తం చర్మం ఇడిసి లోపలికి ఉరుకుతది. అందుకే భయపడ్డోని అరచెయ్యి తడిగ ఉంటది, చల్లగ ఉంటది. మైసయ్యది తడిగనే ఉన్నది గాని కుంపటి లెక్క వెచ్చగ ఉన్నది. అది భయం కాదు." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించాడు. "మీ చెయ్యి మాత్రం ఐస్ లెక్క ఉన్నది, ఇన్‌స్పెక్టర్ సాబ్. వచ్చిన మూడో రోజే కాగితం పోయిందని పైకి ఏం రాయాల్నో అని గద?"

అమరేందర్ చెయ్యి లాక్కున్నాడు.  చుట్టూ చూసి, మెల్లగా అన్నాడు. "సరే. మైసయ్యకు రోగమే అనుకుందాం. నయమైతదా?"

"మందు లేదు, మాకు లేదు. బొండిగ బంద్ చేస్తె చాలు." బాలస్వామి గొంతులో ఆనందం ఆగడం లేదు. "మనిషి ఒళ్లు ఎంత తెలివైందో చూడుండ్రి! బయటి సరుకు ఎక్కువైందని తెలువంగనే, మెదడు కింద శెనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటది, గది గొంతు గ్రంథికి 'నువ్వు ఆగు' అని కబురు చేసింది. అందుకే మైసయ్య గొంతు చదునుగ ఉన్నది, అది దుకాణం మూసుకుని కూసున్నది. రేపు బయటి సరుకు ఆగితె, గదే పిట్యూటరీ 'ఇగ లెవ్వు, పని మొదలువెట్టు' అంటది. నెలన్నర రెండు నెలల మళ్ల తక్కెడ సమానం. ఏ తహసీల్దారు కచేరీల ఉన్నది గింత బందోబస్తు? కాని గీ ఒంటితోని లారీల ఎక్కించి కొడితె, గా గుండె తట్టుకోదు. నల్లగొండ దాక గూడ పోడు."

"మంచిగ చెప్పినవ్. నాకు గూడ తెలివి వచ్చింది." ఇన్‌స్పెక్టర్ లాఠీ చంకలో పెట్టుకున్నాడు. "కాని తెలివి లారీల ఎక్కదు. మూడింటికి కాగితం నా బల్ల మీద ఉండాలె. లేకుంటె రోగమైనా సరే, మైసయ్యే."

బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

రెండూ ఇరవై. బాలస్వామి బండ మీద కూలబడ్డాడు. గాలయ్య మళ్లీ కత్తి అందుకుని గొర్రె కాలు విడదీస్తున్నాడు. సర్... సర్... కత్తి ఒకే తీరుగా కదులుతోంది. బాలస్వామి ఆ చేతినే చూస్తున్నాడు. ఎంత చక్కని చెయ్యి! రాయి లెక్క నిలిచిన చెయ్యి. నిన్న చుక్క ఒలకబొయ్యని చెయ్యి. ఇన్‌స్పెక్టర్ మెచ్చుకున్న...

బాలస్వామి వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టాడు.

దీపావళి నుంచి. ఒక్కపూట తప్పలేదు. అదే చట్టి, అదే బొండిగ కూర!

అది తిన్న మైసయ్య వణుకుతున్నాడు. అది తిన్న పుల్లమ్మ వణుకుతోంది. ఎంగిలి నాకిన కుక్క కూడా రొప్పుతోంది. డెబ్బైఐదు రోజులు అదే తిన్న గాలయ్య చెయ్యి ఎందుకు వణకడం లేదు?

తినలేదు కాబట్టి. ఏ ఒక్కరోజూ తినలేదు కాబట్టి!

"తమ్మీ," అన్నాడు బాలస్వామి మెల్లగా. "కత్తి కింద వెట్టు. చెయ్యి ఇటియ్యి."

గాలయ్య చెయ్యి ఆగింది. ఇంతసేపూ అన్నీ విన్నవాడు, తెలివి తక్కువవాడు కాదు. కత్తి కింద పెట్టలేదు. బాలస్వామి కళ్లలోకి చూశాడు. ఇద్దరి మధ్యా మూడు అడుగుల దూరం, జానెడు కత్తి. గోడ అవతల జవాన్ల నవ్వులు. కేకేస్తే వస్తారు, కాని కత్తి కంటే ముందు రారు.

బాలస్వామి కేకెయ్యలేదు. అరచెయ్యి చాపి అలాగే ఉంచాడు.

 కత్తి తొట్టి అంచున పడి ఖంగుమంది. గాలయ్య చెయ్యి వచ్చి అతని చేతిలో పడింది. తొణకలేదు, వణకలేదు. రాతిబొమ్మ చెయ్యే. కాని తడిగా ఉంది. మంచుముక్కలాగా చల్లగా ఉంది.

"పగటిపూట ఎటు పోయేటోనివి?"

"ఒక ఆకలి కడుపు ఉండె సారూ. నా అన్నం ఆడికి పోయేది. గది ఎవలని అడగకు, కోసినా చెప్ప." గాలయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అడిగితె నా దగ్గర్నే తిన్నవని చెప్తనని అక్క ఒట్టేసింది. ఎందుకో గూడ అడగలే పిచ్చిది. మా బావ మీదికి వస్తదని కలల గూడ అనుకోలే సారూ. నిన్న బావ కొట్టం ఎనుకకు పోవుడు చూసిన. గడియల పని. గొళ్లెం తీసిన, సొరుగు గుంజిన."

"అందుల ఏమున్నదో ఎట్ల తెలుసు? నీకు సదువు రాదు గద."

"గుమాస్తా జవాన్లతోని అనంగ విన్న. కూర వడ్డిస్తున్న నేను. 'శుక్రారం నలభైమూడు తలకాయలు, ఊరు సగం ఖాళీ' అని నవ్విండు. గాయినకు ఇంకింత ముక్కలేసి, మర్లి వచ్చిన. తెల్లారి..." అతను లేచి తోళ్ల దొంతరలోంచి అడుగున ఉన్నది లాగాడు. ఉప్పు జలజలా రాలింది. మడతలోంచి ఒక కాగితం తీసి బాలస్వామి ఒళ్లో పెట్టాడు. "కాల్చేద్దునె. ఎవలెవల పేర్లున్నయో ముందుగాల చెప్పి తప్పించాలె గదా అని ఆగిన. చదివేటోడు దొరకలే. నువ్వు చదువు సారూ."

బాలస్వామి విప్పాడు. ఉప్పు తడికి సిరా కొంచెం అలుక్కుంది గాని అక్షరాలు నిలిచే ఉన్నాయి. మొదటి పేరు ఒక ముసలి చాకలామెది. రెండోది కుమ్మరి గుర్వయ్య. మూడోది ఎవరో. నాలుగోది...

సుంకరి మైసయ్య. అయిదోది, అతని పెండ్లాం పుల్లమ్మ.

కాగితం తెస్తే మైసయ్యను ఇడుస్తనన్నాడు ఇన్‌స్పెక్టర్. కాగితంలోనే మైసయ్య ఉన్నాడు! బాలస్వామి గబగబా చివరిదాకా చదివాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. నలభైమూడు పేర్లలో గాలయ్య పేరు లేదు. తన పేరు లేని పట్టీ కోసం తల పెట్టాడు ఈ పిల్లగాడు. ఇంత చదువుకుని, ఇన్ని గ్రంథుల లెక్కలు తెలిసిన బాలస్వామికి, ధైర్యం ఏ గ్రంథిలో పుడుతుందో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

"నన్నియ్యి సారూ," అన్నాడు గాలయ్య. "నన్నిచ్చి కాగితం తొట్ల వెయ్యి."

"నిన్నిస్తె ఊకుంటరా? కాగితం ఏది, ఎవల దగ్గరికి అన్నం మోసినవ్ అని నీ ఎముకలను అడుగుతరు. మైసయ్యను గూడ ఇడువరు."

ఊరి బయట హారన్ మోగింది. ఒకసారి. ఇంకోసారి, దగ్గరగా. టైము రెండూ నలభైఎనిమిది. లారీ పన్నెండు నిమిషాలు ముందే వచ్చింది.

"బాలస్వామీ!" గోడ మలుపులో అమరేందర్ గొంతు, వెనకే బూట్ల చప్పుడు. "కాగితమా, మైసయ్యా?"

బాలస్వామి గుండె టక్ టక్ టక్ టక్ కొట్టుకుంటోంది. తన అరచేతులు తనే ఒకదానికొకటి తాకించి చూసుకున్నాడు. తడిగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. మూత్రపిండాల మీది ఆ చిన్న టోపీలు ఎంత నిజాయితీగా పనిచేస్తున్నాయో, ఆ క్షణంలో కూడా అతనికి ముచ్చటేసింది.

పట్టుకొమ్మని పంపిన కాగితం చేతిలోనే ఉంది. ఇస్తే నలభైమూడు మంది, ఇవ్వకపోతే గుండె జోరు తగ్గని ఒక్క అమాయకుడు. ఎడమ పక్క నీళ్ల తొట్టి. కుడి పక్క వణకని చేతులతో నిలబడ్డ గాలయ్య. ముందు పది అడుగుల్లో ఇన్‌స్పెక్టర్ నీడ.

చెప్పండి, తొందరగా చెప్పండి. ఆ బండ మీద ఆ కాగితం పట్టుకుని కూర్చున్నది మీరైతే ఏం చేసేవాళ్లు?